స్లీవ్ సర్జరీ తరువాత నీరసం, జుట్టు రాలడం: రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ మన వంటతో అందుతుందా?

రాజాం గృహిణి | 2024 నవంబరు 4

సభ్యులందరికీ నమస్కారం. నాకు 38 సంవత్సరాలు. ఈ జూన్ మొదటి వారంలో విశాఖపట్నంలో బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ సర్జరీ చేయించుకున్నాను. అప్పుడు 112 కిలోలు ఉన్నదాన్ని ఇప్పుడు 86కు వచ్చాను. షుగరు మాత్రలు మానిపించారు, మోకాళ్ల నొప్పులు తగ్గాయి, కాబట్టి ఆపరేషన్ చేయించుకున్నందుకు నాకు విచారం లేదు. అయితే నెలన్నరగా తలలో దువ్వెన పెడితే చాలు, జుట్టు గుప్పెళ్లతో ఊడి వస్తోంది. మేడ మీద బట్టలు ఆరవేసి దిగేసరికి కాసేపు గోడ పట్టుకుని నిలబడవలసి వస్తోంది. పోయిన వారం ఇక్కడే రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.8 అని వచ్చింది.

నేను తినేది ఇది: ఉదయం ఒకటిన్నర ఇడ్లీ, మధ్యాహ్నం పప్పుచారుతో చిన్న కప్పు అన్నం, చివరలో కాస్త పెరుగు, రాత్రి ఒక చపాతీ, రోజుకొక కోడిగుడ్డు, రెండుసార్లు టీ. అంతకు మించి పట్టడం లేదు. ప్రోటీన్ పొడి తియ్యదనానికి కడుపులో తిప్పుతుంటే రెండో నెలలోనే మానేశాను. ఐరన్ మాత్ర మలబద్ధకం చేస్తోందని అదీ ఆపాను. డిశ్చార్జి రోజున చేతికిచ్చిన ఇంగ్లీషు కాగితంలో రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ తినాలని ఉంది కాని, దాని కింద రాసిన పదార్థాలలో సగం రాజాం బజారులో నాకు దొరకలేదు. ఈ రోజు మొదటి కార్తిక సోమవారం. నెల రోజులు మా ఇంట్లో గుడ్డు కూడా వండరు. నేను ఎక్కడ పొరపాటు చేస్తున్నానో, ఈ నెల ఎలా గడపాలో అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.

నాగావళి ఒడ్డు | 2024 నవంబరు 4

అమ్మా, నేను శ్రీకాకుళం వాసిని, విశ్రాంత ఉపాధ్యాయుడిని. ఆరేళ్ల క్రితం గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే పొట్టను చిన్నది చేసి నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్, చేయించుకున్నాను. మీరు ఐదో నెలలోనే అడిగారు, అది మంచి పని. నేను అడగకుండా మూడేళ్లు గడిపాను. బరువు తగ్గింది, షుగరు పోయింది, ఇక మాత్రలతో పనేముందని రెండో సంవత్సరంలో బి12తో సహా అన్నీ మానేశాను. ఏడాది పాటు ఏమీ కాలేదు, అందుకే ధైర్యం పెరిగింది. తరువాత అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు మొదలైంది. ఒక సాయంత్రం నది వంతెన మీద నడిచి వస్తుంటే, వెనుక వస్తున్న కుర్రవాడు పిలిచి నా ఎడమ చెప్పు పది అడుగుల వెనుకే ఉండిపోయిందని చెప్పాడు. ఉత్త కాలితో తారు రోడ్డు మీద నడుస్తున్నానని నా కాలికి తెలియలేదు.

పరీక్షలో బి12 బాగా పడిపోయిందని తేలింది. కాలేయంలో ఉన్న నిల్వ కొన్ని సంవత్సరాలు నెట్టుకొస్తుందనీ, అది అడుగంటిన తరువాతే నరాలు దెబ్బతిన్న సంగతి బయటపడుతుందనీ డాక్టరుగారు వివరించారు. ఇప్పుడు నెలకొకసారి 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ తీసుకుంటున్నాను. తిమ్మిరి చాలావరకు తగ్గింది కాని కుడి పాదంలో కొంత అలాగే ఉండిపోయింది. మాత్ర ఇబ్బంది పెడితే మార్పించుకోండి తప్ప, మీ అంతట మీరు ఆపకండి.

బొబ్బిలి ఆహార నిపుణురాలు | 2024 నవంబరు 4

రాజాం గృహిణి గారూ, మీరు తిన్నది వివరంగా రాశారు కాబట్టి లెక్క వేసి చూశాను. ఒకటిన్నర ఇడ్లీలో సుమారు 3 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. చిన్న కప్పు అన్నంలో రెండున్నర, పలుచని పప్పుచారులో మహా అయితే 3, చపాతీలో 3, గుడ్డులో 6, పెరుగులో మూడున్నర, రెండు టీలలోని పాలలో 3 గ్రాములు. మొత్తం 24 గ్రాములు. మీకు కావలసినది కనీసం 60. పొడి మానేసినప్పటి నుంచి అవసరంలో సగం కూడా అందకపోవడంతో శరీరం ఆ లోటును కండ నుంచి తీసుకుంటోంది. మీ బరువులో తగ్గిన 26 కిలోలు మొత్తం కొవ్వు కాదు.

స్లీవ్‌లో పొట్ట సంచిని సుమారు 75 నుంచి 80 శాతం కోసి తీసివేస్తారు. మిగిలిన సన్నని గొట్టంలో చోటు తక్కువ. అందులోకి ముందు అన్నం వెళితే ప్రోటీన్‌కు జాగా మిగలదు. మన భోజనం పుట్టి పెరిగినదే అన్నం చుట్టూ. అన్నం పెట్టుకుని, దానికి కలుపుకోవడానికి ఏముందని చూస్తాం. ఇప్పుడు ఆ వరుసను తిరగవేయాలి. విస్తరిలో ముందు గుడ్డో, చేపో, పనీరో, గట్టిపప్పో తినండి. తరువాత కూర, అప్పటికీ చోటుంటే రెండు ముద్దల అన్నం. అన్నం మిగిలిపోతే బాధ పడనక్కరలేదు.

మాంసాహారం తినే రోజుల్లో లెక్క ఇలా కుదురుతుంది. ఉదయం రెండు గుడ్లకు 12 గ్రాములు. పది గంటలకు ఒక గ్లాసు పాలలో ఒకటిన్నర పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి కలుపుకుంటే 11 లేదా 12. మధ్యాహ్నం 75 గ్రాముల చేప ముక్కకు 15, పక్కన రెండు చెంచాల గట్టిపప్పుకు 2 లేదా 3. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలకు 5. రాత్రి 50 గ్రాముల పనీరుకు 9, చిన్న గిన్నెడు పెరుగుకు మూడున్నర. ఇది 60కి దగ్గరగా వస్తుంది. ఐదారు విడతలుగా తినాలి. తినేటప్పుడు నీళ్లు తాగవద్దు, తిన్న అరగంట తరువాత మొదలుపెట్టి గుక్కగుక్కగా రోజుకు లీటరున్నరకు తగ్గకుండా తాగాలి.

ఒక ప్రశ్న: మీరు ఐరన్, కాల్షియం మాత్రలు ఏ వేళకు వేసుకునేవారు?

రాజాం గృహిణి | 2024 నవంబరు 5

మేడమ్ గారూ, రెండూ ఉదయం టిఫిన్ అయ్యాక టీతో పాటు ఒకేసారి వేసుకునేదాన్ని. మరచిపోకుండా ఉంటుందని అలా అలవాటు చేసుకున్నాను. చోడి (రాగి) అంబలి తాగితే బలమని మా అత్తగారు అంటున్నారు. రోజూ తాగవచ్చునా?

బొబ్బిలి ఆహార నిపుణురాలు | 2024 నవంబరు 5

నేను అనుమానించినది అదే. కాల్షియం ఐరన్‌కు అడ్డుపడుతుంది, టీ కూడా అడ్డుపడుతుంది, కాబట్టి మీరు వేసుకున్న రోజుల్లోనూ ఆ ఐరన్ ఒంటికి పట్టింది కొంచెమే. రెండింటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రను నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోండి, టీకి దూరంగా ఉంచండి. నెలసరి వచ్చే స్త్రీలకు ఈ సర్జరీ తరువాత రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. మలబద్ధకం చేస్తే వేరే రకం ఐరన్‌కు మార్చమని డాక్టరును అడగండి. అదీ పడకపోతే సెలైన్‌లో నరానికి ఎక్కించే మందు ఉంది. హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే చాలదు, ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. ఐరన్ నిల్వ ఎంత ఉందో దానితోనే తెలుస్తుంది.

కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒక్క విడతకు 500 లేదా 600 మించకుండా తీసుకోవాలి. చీటీ మీద కార్బొనేట్ అని ఉందో, సిట్రేట్ అని ఉందో చూడండి. కార్బొనేట్ కరగడానికి పొట్టలో ఆమ్లం కావాలి, మీకు ఇప్పుడు ఆ ఆమ్లం తక్కువ. అందుకే సిట్రేట్ మేలు. దానితో విటమిన్ డి ఎంత వాడాలో రక్తంలోని స్థాయిని చూసి చెబుతారు. సాధారణంగా రోజుకు 3000 యూనిట్లతో మొదలుపెడతారు.

అంబలి విషయంలో మీ అత్తగారి మాట కొంతవరకు నిజం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తిండిగింజలలో అది చాలా ఎక్కువ. ప్రోటీన్ మాత్రం 7 గ్రాములే. గ్లాసు అంబలికి పట్టే పిండి 20 గ్రాములు అనుకుంటే, అందులో ప్రోటీన్ ఒకటిన్నర గ్రాము కూడా రాదు. తాగండి, కాని ప్రోటీన్ లెక్కలో వేయకండి. ఉలవచారు కూడా ఇంతే. ఉలవల్లో ప్రోటీన్ 22 శాతం దాకా ఉన్నా, తేరిన చారులోకి వచ్చేది స్వల్పం. ఉడికిన గింజను మెత్తగా రుబ్బి తింటేనే ఫలితం.

విజయనగరం శాకాహారి | 2024 నవంబరు 6

నేను పుట్టుక నుంచి శాకాహారిని. స్లీవ్ అయి రెండేళ్లు దాటింది. కార్తికమే కాదు, సంవత్సరమంతా ఇదే సమస్యతో ఉన్నదాన్ని కనుక రాస్తున్నాను. పప్పు తింటే చాలుననుకుని మొదట్లో నేను మోసపోయాను. గట్టిగా ఉడికిన పప్పు 100 గ్రాములు తింటే 6 లేదా 7 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. పప్పుతోనే 60 గ్రాములు రాబట్టాలంటే దాదాపు కిలో పప్పు తినాలి, ఈ పొట్టకు అది సాధ్యం కాదు. కనుక తక్కువ చోటులో ఎక్కువ ప్రోటీన్ ఉండే పదార్థాలు వెతుక్కోవాలి.

మా ఇంట్లో రోజూ జరిగే పని చెబుతాను. రాత్రి అర లీటరు పాల పెరుగును పలుచని నూలు గుడ్డలో మూటకట్టి వంటింటి కొక్కేనికి తగిలిస్తాను, కింద గిన్నె పెడతాను. తెల్లవారేసరికి మూట నిమ్మకాయంత గట్టిగా కాకపోయినా వెన్నలా చెంచాకు నిలిచే పెరుగు అవుతుంది. అర లీటరు పాల ప్రోటీన్‌లో చాలా భాగం ఒక చిన్న గిన్నెలోకి వచ్చేస్తుంది. కాస్త ఉప్పు, జీలకర్ర పొడి, సన్నగా తరిగిన కొత్తిమీర కలిపి ఉదయం సగం, సాయంత్రం సగం తింటాను. కింద దిగిన నీళ్లతో చపాతీ పిండి కలుపుతాను.

సోయా ముక్కలు 30 గ్రాములు తూచి వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు పిండేసి, మిక్సీలో ఒక్కసారి తిప్పి కైమాలా చేసి అల్లం పచ్చిమిర్చితో వండితే 15 గ్రాములు అందుతాయి. ముక్కలుగా తింటే నాకు గొంతు కింద పట్టేసినట్టు ఉండేది, తిప్పిన తరువాత ఆ బాధ లేదు. తెలగపిండి కూడా మరచిపోకండి. నువ్వుల నూనె ఆడగా మిగిలిన చెక్క కనుక అందులో మూడో వంతుకు పైగా ప్రోటీనే. బాలింతలకు పెట్టే కూర అది, మన పెద్దవాళ్లు ఊరికే పెట్టలేదు. తాజాది, తినడానికి అమ్మేది చూసి కొని, మునగాకుతో వండి, కొద్దికొద్దిగా తినండి.

పొడి తియ్యదనం పడకపోతే రుచి కలపని వే ప్రోటీన్ (పాల విరుగు నీటి నుంచి తీసే పొడి) అడిగి తీసుకోండి. ముందు చల్లని మజ్జిగలో ఉండలు లేకుండా కలిపి, తరువాత గోరువెచ్చని చారులో పోసుకోవచ్చు. మరిగే చారులో వేస్తే విరిగి ముద్దలు కడుతుంది.

ఉపవాసం గురించి ఒక్క మాట. నేను సోమవారాలు పూర్తి ఉపవాసం మానేశాను. దీపం పెట్టి, పాలు, పెరుగు, పనీరు వేళకు తీసుకుంటాను. మా పురోహితులుగారిని అడిగితే శరీరం బాగులేనివారికి ఆ నియమం లేదన్నారు.

కళింగపట్నం | 2024 నవంబరు 6

కార్తికం అయ్యాక చేపల సంగతి నేను చెబుతాను. మా ఆవిడకు స్లీవ్ అయి ఏడాదిన్నర. కోడి మాంసం పీచుపీచుగా ఉండి ఆమెకు దిగేది కాదు, చేప దిగింది. వేపుడు మాత్రం గట్టిపడి అడ్డుకుంటుంది. నెత్తళ్లు చింతపండు పులుసులో మెత్తగా ఉడికిస్తే ముల్లుతో సహా నలిగిపోతాయి, ముల్లుతో తినే చేప కనుక కాల్షియం కూడా వస్తుంది. ముద్ద చిన్నదిగా పెట్టుకుని ఇరవై సార్లకు తగ్గకుండా నమలాలి. ఎండు చేపలో ప్రోటీన్ చాలా ఎక్కువే, కాని ఉప్పు కూడా అంతే. రెండుసార్లు నీళ్లు మార్చి నానబెట్టకుండా వండవద్దు.

ఉద్దానం ఆడపడుచు | 2024 నవంబరు 7

నా సందేహం వేరు. మాది ఉద్దానంలోని కవిటి మండలం. మా నాన్నగారు కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉన్నారు. మా వైపు ఈ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో, కారణం ఇదమిత్థంగా ఇంకా తేలలేదన్న సంగతీ అందరికీ తెలిసినదే. నాకు 104 కిలోల బరువు ఉంది, సర్జరీ చేయించుకోమంటున్నారు. మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్షలో నా క్రియాటినిన్ 1.6. ప్రోటీన్ తగ్గించమని కిడ్నీ డాక్టరు, పెంచాలని ఇక్కడ మీరందరూ చెబుతుంటే నాకు భయం వేస్తోంది.

బొబ్బిలి ఆహార నిపుణురాలు | 2024 నవంబరు 7

మీ భయం సరైనదే, ఈ ప్రశ్న మన ప్రాంతంలో అడగకపోతే ఇంకెక్కడా అడగరు. పైన రాసిన 60 గ్రాముల లెక్క మూత్రపిండాలు సరిగా పనిచేసేవారికే వర్తిస్తుంది. క్రియాటినిన్ 1.6 ఉన్న స్త్రీ తన అంతట తాను ప్రోటీన్ పొడి మొదలుపెట్టకూడదు, మందుల షాపు వారి మాట మీద అసలే వద్దు. సర్జరీకి ముందే కిడ్నీ డాక్టరు, సర్జన్ ఇద్దరూ మాట్లాడుకుని మీకెన్ని గ్రాములో రాసి ఇవ్వాలి. నీళ్లు తగ్గి ఒళ్లు ఎండిపోయినా మూత్రపిండాలకు దెబ్బే, సర్జరీ తరువాత మొదటి వారాల్లో అది తేలికగా జరుగుతుంది. ఉద్దానం నుంచి ఎవరు ఈ సర్జరీకి వెళ్లినా ముందుగా క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో చూపించుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఒంట్లో ఏ బాధా లేదని ఊరుకోవద్దు.

ఇచ్ఛాపురం నుంచి | 2024 నవంబరు 9

ఇది చదివేవారిలో ఈ మధ్యే ఆపరేషన్ అయినవారు ఎవరైనా ఉంటే దయచేసి నా మాట వినండి. నా భార్యకు బైపాస్ అయిన మూడో వారంలో వాంతులు మొదలై ఎనిమిది రోజులు ఆగలేదు. కొత్తలో మామూలేనని మేమూ అనుకున్నాం. తొమ్మిదో రోజు ఆమె గోడ గడియారం రెండుగా కనిపిస్తోందన్నది. లేచి నడవబోతే తూలిపోయింది. దగ్గరలోని ఒకచోట నీరసమని వరుసగా గ్లూకోజు సీసాలు ఎక్కించారు, దానితో ఇంకా మగతలోకి వెళ్లింది. ఆ రాత్రే విశాఖ తీసుకువెళితే అక్కడ డాక్టరుగారు చూడగానే థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ చేయించారు. రెండో రోజుకు కళ్లు కుదురుకున్నాయి. నడక సరికావడానికి మూడు నెలలు పట్టింది. ఆమె దెబ్బ తిన్నది బి1 అనే ఒక చిన్న విటమిన్ లేకపోవడం వల్ల అని మాకు అంతవరకు తెలియదు.

బొబ్బిలి ఆహార నిపుణురాలు | 2024 నవంబరు 9

బి1 నిల్వ శరీరంలో రెండు మూడు వారాలకు మించి ఉండదు. వాంతులు ఆగకపోతే అది అంత త్వరగా అయిపోతుంది. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. సర్జరీ అయినవారికి రెండు మూడు రోజులు వరుసగా వాంతులైతే ఎక్కడికి వెళ్లినా, 'నాకు బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీ అయింది, ముందు థయమిన్ ఇవ్వండి' అని చెప్పాలి. ఆ మాటను కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోమని నేను నా దగ్గరకు వచ్చే ప్రతివారికీ చెబుతాను.

నాగావళి ఒడ్డు | 2024 నవంబరు 9

మర పట్టిన తెల్లబియ్యం మీదే బతికిన మన ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి ఉండేదని చదివాను. అది కూడా ఈ బి1 లోపమే. మన నేలకు ఇది కొత్త జబ్బేమీ కాదు.

రాజాం గృహిణి | 2024 నవంబరు 10

అందరికీ కృతజ్ఞతలు. వంటింట్లోకి చిన్న తూకం కొన్నాను. సర్జన్‌గారికి ఫోన్ చేస్తే ఐరన్ మార్చి రాశారు, అది రాత్రి పడుకునే ముందు వేసుకుంటున్నాను. జుట్టుకు బయోటిన్ వాడమని మా చెల్లెలు అంటోంది. వాడవచ్చునా?

బొబ్బిలి ఆహార నిపుణురాలు | 2024 నవంబరు 10

మూడో నెల నుంచి ఆరో నెల మధ్య జుట్టు రాలడం ఈ సర్జరీ అయినవారిలో చాలామందికి జరిగేదే. బరువు వేగంగా తగ్గడంతో కుదుళ్లు ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళతాయి, తరువాత తిరిగి మొలుస్తాయి. ప్రోటీన్, ఐరన్, జింక్ తక్కువైతే మాత్రం అది ఆగదు. బయోటిన్ లోపం లేనివారికి అదనపు బయోటిన్ వల్ల ప్రయోజనం కనబడదు, పైగా పెద్ద మోతాదు వాడితే థైరాయిడ్ పరీక్ష ఫలితాలు తప్పుగా రావచ్చు. ఆ డబ్బుతో పనీరు కొనుక్కోండి. ఆరో నెల పరీక్షలు దగ్గరపడ్డాయి, ఫెరిటిన్, బి12, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ రాయమనండి. తరువాత ఏడాదికి, ఆపైన ప్రతి సంవత్సరం.

నాగావళి ఒడ్డు | 2025 జనవరి 16

బైపాస్ అయినవారికి పండుగ హెచ్చరిక ఆలస్యంగా ఇస్తున్నాను. మనవరాలు పెట్టిందని కనుమ నాడు రెండు అరిసెలు తిన్నాను. పావుగంటలో చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కడుపులో మెలిపెట్టి మంచం పట్టాను. బెల్లం పాకం నేరుగా పేగులోకి దిగిపోవడమే కారణం. అరిసె ముక్క కావాలనుకుంటే భోజనంలో ప్రోటీన్ తిన్న తరువాత, వేలెడు ముక్క మాత్రమే.

రాజాం గృహిణి | 2025 ఫిబ్రవరి 8

పరీక్షల ఫలితాలు వచ్చాయి కనుక రాస్తున్నాను. హిమోగ్లోబిన్ 11.4కు వచ్చింది. ఫెరిటిన్ ఇంకా తక్కువగానే ఉంది, ఐరన్ కొనసాగించమన్నారు. బి12 అంచున ఉందని నెలకొక ఇంజెక్షన్ రాశారు. బరువు 79. కార్తికంలో మూటపెరుగు, సోయా కైమాతో రోజుకు 50 దాటాను, తరువాత గుడ్లు, నెత్తళ్ల పులుసుతో 60కి చేరుతున్నాను. కొన్ని రోజులు చేరడం లేదు. మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. నుదుటి దగ్గర వేలి గోరంత పొడవున కొత్త వెంట్రుకలు వచ్చాయి. అవి దువ్వెనకు లొంగడం లేదు, నిలబడే ఉంటున్నాయి. మా అత్తగారు ఇప్పుడు అంబలి గ్లాసు పక్కన మూటపెరుగు గిన్నె కూడా తనే పెడుతున్నారు.

ఉద్దానం ఆడపడుచు గారూ, మీ డాక్టర్లు ఇద్దరూ ఏమన్నారో తెలియజేయగలరా?

ఉద్దానం ఆడపడుచు | 2025 ఫిబ్రవరి 9

అడిగినందుకు సంతోషం అక్కా. సర్జరీ మూడు నెలలు వాయిదా వేశారు. ముందు బీపీ అదుపులోకి తెచ్చి, క్రియాటినిన్ మళ్లీ చూసి నిర్ణయిస్తామన్నారు. నాకు ఎన్ని గ్రాములో కిడ్నీ డాక్టరుగారు చీటీ మీద రాసి సంతకం చేసి ఇచ్చారు. దానిని ఫ్రిజ్ తలుపుకు అంటించాను.